సభలో నిలిచిన ప్రశ్న: బి.ఆర్. చోప్రా నిర్మాణ జీవితం

భారతీయ సినిమా చరిత్రను మనం ఎక్కువగా నటుల పేరిట, కొంత దర్శకుల పేరిట రాసుకున్నాం. నిర్మాత ఆ చరిత్రలో పెట్టుబడి పెట్టిన మనిషిగా ఒక వాక్యంలో వచ్చి పోతాడు. ఏ కథ తెరకెక్కాలి, దాన్ని ఎవరు రాయాలి, ఎవరు తీయాలి, ఎవరి అభ్యంతరానికి తలవంచాలి, ఎవరిదాన్ని పక్కన పెట్టాలి అన్న నిర్ణయాలన్నీ ఆయన చేతిలోనే ఉన్నా, ఆ నిర్ణయాల వెనక ఒక ఆలోచన ఉందా అని వెతికే ప్రయత్నం అరుదు. బల్‌దేవ్ రాజ్ చోప్రా జీవితం అలాంటి వెతుకులాటకు బాగా అనువైనది. స్వాతంత్ర్యం వచ్చిన తొలి సంవత్సరాల్లో మొదలై, 2008 నవంబరు 5న ఆయన కన్నుమూసేదాకా సాగిన ఆ నిర్మాణ జీవితంలో వెండితెర ఉంది, బుల్లితెర ఉంది. రెండింటి మీదా ఒకే పట్టు కనిపిస్తుంది.

ఆ పట్టు ఏమిటో ముందే చెప్పుకుందాం. చోప్రాకు కథ అంటే వాదం. తన చిత్రాల్లో చాలావాటిలో ఆయన ఏదో ఒక సమస్యను నలుగురి ముందు నిలబెట్టి జవాబు చెప్పమన్నారు. ఆ నలుగురు కొన్నిసార్లు ఊరి జనం, చాలాసార్లు కోర్టు హాలు, చివరికి కురుసభ. ‘నయా దౌర్’ నుంచి ‘మహాభారత్’ వరకు ఉన్న దూరాన్ని ఈ సభ అనే దారం పట్టుకుని నడిస్తేనే ఆయన చేసిన పని స్వరూపం తెలుస్తుంది.

లాహోర్ పాత్రికేయుడు

చోప్రా 1914 ఏప్రిల్ 22న పంజాబులో పుట్టారు. లాహోరులో ఆంగ్ల సాహిత్యంలో ఎం.ఏ. చదివారు. అప్పటి లాహోరు ఉత్తర భారతంలో పత్రికలకూ, ప్రచురణలకూ, సినిమాలకూ పెద్ద కూడలి. ఉర్దూ, పంజాబీ, హిందీ, ఇంగ్లీషు నాలుగూ ఒకే వీధిలో వినిపించే నగరం. అక్కడ ఆయన ‘సినీ హెరాల్డ్’ అనే మాసపత్రికలో సమీక్షకుడిగా చేరి, తర్వాత దాన్ని తానే నడిపించారు. సినిమా తీయడానికి ముందు ఇతరులు తీసిన సినిమాలను తూకం వేసే పని చేశారన్నమాట. ఏ చిత్రం ఎందుకు నిలబడుతుంది, ఎందుకు కూలిపోతుంది అని నెల నెలా రాయడం ఆయనకు దొరికిన తొలి శిక్షణ.

1947లో లాహోరులో తొలి చిత్రం సన్నాహాల్లో ఉండగానే అల్లర్లు చెలరేగాయి. కుటుంబం ఢిల్లీ చేరింది. చోప్రా బొంబాయి వెళ్లారు. వెళ్లాక నిర్మించిన ‘కర్‌వట్’ ఆడలేదు. చేతిలో ఉన్నదీ పోయింది. 1951లో ఐ.ఎస్. జోహర్ కథతో, అశోక్ కుమార్ ద్విపాత్రాభినయంతో ‘అఫ్సానా’ను స్వయంగా నిర్మించి దర్శకత్వం వహించారు. అది విజయం సాధించింది. ఆ నటుడితో అప్పుడు ఏర్పడిన అనుబంధం ముప్పై ఏళ్లకు పైగా సాగి, టెలివిజన్ దాకా వెంట వచ్చింది.

దేశ విభజన ఆయన చిత్రాల్లో నేరుగా కనిపించేది ఒక్కసారే, 1961లో. కానీ ఊరు వదిలి వచ్చిన మనిషి చూపు చాలా చోట్ల ఉంది. విడిపోయిన కుటుంబాలు, తండ్రి పేరు తెలియని పిల్లలు, పెంచిన మతం ఒకటై పుట్టిన మతం వేరైన మనుషులు ఆ సంస్థ కథల్లో పదే పదే ఎదురవుతారు.

సంపాదకుడి బల్ల

1950ల మధ్యలో బి.ఆర్. ఫిలిమ్స్ ఏర్పడింది. ఆ సంస్థ పేరుతో వచ్చిన మొదటి చిత్రం ‘ఏక్ హీ రాస్తా’ (1956). భర్త చనిపోయిన యువతి మళ్లీ పెళ్లి చేసుకోవచ్చా అన్నది అందులోని అంశం. వీరేశలింగం పంతులు 1881లోనే రాజమండ్రిలో వితంతు వివాహం జరిపించిన నేల మనది; మనకు ఆ చర్చ పాతది. అయినా 1956 నాటి మధ్యతరగతి ఇళ్లలో ఆ ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదన్నది వాస్తవం. హిందూ వివాహ చట్టం 1955లో, హిందూ వారసత్వ చట్టం 1956లో వచ్చాయి. చట్టాలు ఇంటి గడప దాటి లోపలికి వస్తున్న రోజుల్లో ఒక నిర్మాత ఇంటి కథనే ఎంచుకున్నారు.

బి.ఆర్. ఫిలిమ్స్ పనితీరులో పత్రికా కార్యాలయం ఛాయలు స్పష్టంగా ఉన్నాయి. సంస్థకు కథా విభాగం ఉండేది. పండిట్ ముఖ్‌రాం శర్మ, అఖ్తర్ మీర్జా, అఖ్తర్-ఉల్-ఈమాన్, సి.జె. పావ్రీ వంటి రచయితలు వేర్వేరు కాలాల్లో ఆ సంస్థకు పనిచేశారు. సంపాదకుడు విలేకరులకు పని అప్పగించినట్టు చోప్రా ముందు అంశాన్ని నిర్ణయించేవారు. పాత్రలు, సన్నివేశాలు దాని చుట్టూ అల్లుకునేవి. పాటలకు సాహిర్ లూధియాన్వీ, గళానికి మహేంద్ర కపూర్, 1960ల నుంచి సంగీతానికి రవి, కూర్పుకు ప్రాణ్ మెహ్రా, ఛాయాగ్రహణానికి తమ్ముడు ధరం చోప్రా ఎక్కువగా పనిచేసేవారు. జట్టు కుదిరితే మార్చే అలవాటు ఆయనకు లేదు. మన దగ్గర విజయా సంస్థలో చక్రపాణి, నాగిరెడ్డి గార్లు పింగళి, మార్కస్ బార్ట్లే వంటి వాళ్లను చుట్టూ నిలుపుకుని పనిచేసిన తీరు తెలిసినవారికి ఈ పద్ధతి ఇట్టే అర్థమవుతుంది. రెండు చోట్లా నిర్మాత ముద్ర నటుల కంటే ముందు కథలో పడేది.

టాంగా, బస్సు, బోను

1957 ఆగస్టు 15న విడుదలైన ‘నయా దౌర్’ చోప్రాను అగ్రశ్రేణి నిర్మాతల్లో నిలబెట్టింది. యంత్రాలూ భారీ పరిశ్రమలూ ప్రధానంగా రెండో పంచవర్ష ప్రణాళిక మొదలై అప్పటికి ఏడాదే. ఊరి సేఠ్ కొడుకు రంపపు యంత్రం తెస్తాడు, ఆ తర్వాత బస్సు తెస్తాడు. టాంగావాలాల పొట్ట కొట్టే బస్సుతో శంకర్ అనే టాంగావాలా పందెం కాస్తాడు. ఊరంతా కలిసి కొండను తొలిచి, వాగు మీద వంతెన వేసి, దగ్గర దారి నిర్మిస్తుంది. గుర్రం గెలుస్తుంది. కథ యంత్రాన్ని తిరస్కరించదు. దాని లాభం ఎవరికి అని అడుగుతుంది, అందరూ పంచుకునే దారి వెతకమంటుంది. గాంధీ మాటకూ నెహ్రూ మాటకూ మధ్య దేశం పడుతున్న ఘర్షణను ఇంత సులువుగా, పల్లెవాడికి కూడా పట్టుబడేలా చెప్పిన చిత్రం ఆ దశకంలో మరొకటి చెప్పడం కష్టం. దిలీప్ కుమార్‌కు ఉత్తమ నటుడిగా, ఓ.పి. నయ్యర్‌కు సంగీత దర్శకుడిగా, అఖ్తర్ మీర్జాకు కథా రచయితగా ఫిల్మ్‌ఫేర్ పురస్కారాలు వచ్చాయి.

ఆ చిత్ర నిర్మాణమే ఒక కోర్టు కథ అయింది. మొదట నాయికగా తీసుకున్నది మధుబాలను. కొంత చిత్రీకరణ కూడా జరిగింది. ఆరుబయట సన్నివేశాల కోసం బృందం మధ్యప్రదేశ్‌లోని బుధ్నీ వైపు వెళ్లాల్సి వచ్చినప్పుడు ఆమె తండ్రి అతావుల్లా ఖాన్ పంపనన్నారు. చోప్రా ఆమె స్థానంలో వైజయంతిమాలను తీసుకున్నారు. అంతటితో ఊరుకోక, మధుబాల పేరు మీద కొట్టివేత గీత కనిపించేలా పత్రికా ప్రకటన ఇచ్చారు. వ్యవహారం బొంబాయి కోర్టుకెక్కింది. దిలీప్ కుమార్ నిర్మాత పక్షాన సాక్ష్యం చెప్పారు. మధుబాలను తాను ప్రేమించిన సంగతి బోనులో నిలబడి అందరి ముందూ ఒప్పుకున్నారు. ఆ సాక్ష్యంతో ఒక ప్రేమకథ బహిరంగంగా ముగిసిపోయింది. చిత్రం విడుదలయ్యాక కేసు రాజీతో సద్దుమణిగింది.

ఈ ఉదంతాన్ని సినీ చరిత్రకారులు ప్రేమ విషాదంగానే చెబుతూ వచ్చారు. నిర్మాత చరిత్రలో దీనికి మరో అర్థం ఉంది. కుటుంబ పెద్దల మాటకూ వృత్తి ఒప్పందానికీ మధ్య తగువు వచ్చినప్పుడు ఒప్పందానిదే పైచేయి అని చోప్రా పట్టుబట్టారు. హిందీ పరిశ్రమలో చాలా వ్యవహారాలు నోటి మాట మీద నడిచే కాలంలో అది పెద్ద మాటే. అయితే గీత కొట్టిన ప్రకటనలో మొండితనమే కాదు, ఒక స్త్రీని నలుగురిలో చిన్నబుచ్చడం కూడా ఉంది. తండ్రి నిర్ణయానికి కూతురు పేరు శిక్ష అనుభవించింది. స్త్రీల పక్షాన అన్ని చిత్రాలు తీసిన నిర్మాత జీవితంలో ఈ మచ్చను దాటవేయడం న్యాయం కాదు.

పాటలేని న్యాయస్థానం

‘నయా దౌర్’ తర్వాత పదేళ్లు ఆ సంస్థకు స్వర్ణయుగం. ‘సాధనా’ (1958) వేశ్యావృత్తిలో ఉన్న స్త్రీకి గృహిణి కావడానికి అర్హత ఉందా అని అడిగింది. ‘ధూల్ కా ఫూల్’ (1959)తో తమ్ముడు యశ్ చోప్రా దర్శకుడయ్యారు. పద్దెనిమిదేళ్లు చిన్నవాడైన యశ్‌కు బల్‌దేవ్ రాజ్ అన్నే కాదు, పెంచిన పెద్ద దిక్కు కూడా. పెళ్లి కాకుండా పుట్టి, అడవిలో వదిలేయబడిన బిడ్డను ఒక ముస్లిం వృద్ధుడు పెంచుతాడు. పిల్లవాడికి తండ్రి పేరు లేదు కనుక ఊరు వెలివేస్తుంది. కథ చివరికి చేరేది కోర్టుకే. విభజన గాయం ఇంకా ఆరని రోజుల్లో హిందూ బిడ్డను ముస్లిం తండ్రి చేతుల్లో పెట్టడం నిర్మాత తీసుకున్న నిర్ణయమే.

ఆ వరుసలో అతి సాహసం ‘కానూన్’ (1960). పాటలు లేవు, నృత్యాలు లేవు. హిందీ చిత్రం ఆడటానికి పాటలే ప్రాణమనుకునే కాలంలో మరణశిక్ష మీద కోర్టు నాటకం తీశారు. దాని తొలి సన్నివేశం దగ్గరగా చూడదగ్గది. కాళీదాస్ అనే ముద్దాయి బోనులో ఉంటాడు. గణపత్ అనే మనిషిని చంపానని ఒప్పుకుంటాడు. ఆపై న్యాయమూర్తినే నిలదీస్తాడు. ఇదే గణపత్‌ను చంపావని చాలా ఏళ్ల క్రితం ఇదే చట్టం అతణ్ని జైలుకు పంపింది. గణపత్ అప్పుడు బతికే ఉన్నాడు. శిక్ష పూర్తిగా అనుభవించి బయటికొచ్చి, ఇప్పుడు నిజంగానే చంపాడు. ఒక నేరానికి రెండుసార్లు శిక్షిస్తారా? చేయని హత్యకు తాను పోగొట్టుకున్న సంవత్సరాలను ఈ కోర్టు తిరిగి ఇవ్వగలదా? జీవన్ నటించిన ఆ పాత్ర బోనులోనే కుప్పకూలి చనిపోతుంది. జవాబు చెప్పాల్సిన న్యాయస్థానం నిశ్చేష్టమై ఉంటుంది.

కథ అసలు మలుపు ఆ తర్వాత. కళ్లారా చూసిన సాక్ష్యం కూడా తప్పు కావచ్చునని, అలాంటి సాక్ష్యం మీద ఒక ప్రాణం తీయడం ఏ న్యాయమని చిత్రం వాదిస్తుంది. అశోక్ కుమార్ న్యాయమూర్తిగా, రాజేంద్ర కుమార్ న్యాయవాదిగా నటించారు. ముగింపులో పోలికల చిక్కు తెచ్చి కథను ముడి విప్పిన తీరు బలహీనంగా ఉన్నా, మొదటి పది నిమిషాల్లో వేసిన ప్రశ్న బలం తగ్గలేదు. ఈ చిత్రానికి చోప్రా ఉత్తమ దర్శకుడిగా ఫిల్మ్‌ఫేర్ పురస్కారం అందుకున్నారు.

‘ధర్మపుత్ర్’ (1961) విభజనను సూటిగా ఎదుర్కొంది. ఆచార్య చతుర్‌సేన్ నవల ఆధారంగా యశ్ దర్శకత్వంలో వచ్చిన ఈ చిత్రంలో ముస్లిం తల్లికి పుట్టి హిందూ ఇంట్లో పెరిగిన యువకుడు మతోన్మాదిగా మారతాడు. తన జన్మ రహస్యం తెలిసి నిలువునా కూలిపోతాడు. జాతీయ స్థాయిలో ఉత్తమ హిందీ చిత్రంగా గుర్తింపు వచ్చినా జనం దూరంగా ఉన్నారు. నాలుగేళ్ల తర్వాత ‘వక్త్’ (1965) అదే వేదనను మారువేషంలో చెప్పింది. సుఖంగా ఉన్న కుటుంబం ఒక్క రాత్రి భూకంపంతో చెల్లాచెదురవుతుంది; అన్నదమ్ములు ఒకరినొకరు పూర్తిగా ఎరుగకుండానే చివరికి ఒకే కోర్టు హాల్లో ఎదురుపడతారు. భూకంపమనే చోట విభజన అని చదువుకుంటే ఆ చిత్రం పంజాబీ కాందిశీకుల కుటుంబ చరిత్రలా కనిపిస్తుంది. బహు తారల కుటుంబ చిత్రాలకు అది మాదిరి అయింది. తెలుగులో 1969లో వచ్చిన ‘భలే అబ్బాయిలు’కు మాతృక అదే.

‘గుమ్‌రాహ్’ (1963) పెళ్లయిన స్త్రీ పాత ప్రేమ గురించి. ఇక్కడ చోప్రా పరిమితి కూడా బయటపడుతుంది. అక్క చనిపోతే ఆమె పిల్లల కోసం బావను పెళ్లాడిన యువతి మనసును చిత్రం ఎంతో సానుభూతితో విప్పి చూపుతుంది. కానీ చివరికి ఆమెను భర్త గడప లోపలికే చేర్చి తలుపు మూసేస్తుంది. ప్రశ్న వేయడంలో ఉన్న ధైర్యం తీర్పు చెప్పడంలో ఉండదు. ఆయన చిత్రాల్లో చాలావాటికి ఇది వర్తిస్తుంది. ప్రేక్షకుడు ఇంటికి వెళ్లేటప్పుడు కలవరపడకూడదన్న వ్యాపార జాగ్రత్త, కుటుంబ వ్యవస్థ మీద ఆయనకున్న నిజమైన నమ్మకం రెండూ ఇందుకు కారణాలే.

తమ్ముడు వెళ్లాక

1969లో మరో పాటల్లేని చిత్రం ‘ఇత్తెఫాక్’ వచ్చింది. ‘ఆద్మీ ఔర్ ఇన్సాన్’ చిత్రీకరణ ఆగిన విరామంలో, ఒక రాత్రిలో జరిగే కథను తక్కువ వ్యవధిలో తీసేశారు. ఖాళీ కాలాన్ని కూడా చిత్రంగా మార్చుకోగల నిర్మాణ యంత్రాంగం అప్పటికే సిద్ధమై ఉందనడానికి ఇది నిదర్శనం. ఆ తర్వాత యశ్ చోప్రా విడిపోయి సొంత సంస్థ పెట్టుకున్నారు.

1970ల్లో బి.ఆర్. ఫిలిమ్స్ దారి తడబడింది. ‘అఫ్సానా’నే దిలీప్ కుమార్‌తో ‘దాస్తాన్’ (1972)గా మళ్లీ తీస్తే ఆడలేదు. బాసు చటర్జీ దర్శకత్వంలో నిర్మించిన ‘ఛోటీ సీ బాత్’ (1976) చిన్న చిత్రంగా మనసులు గెలుచుకుంది. కుమారుడు రవి చోప్రా దర్శకత్వంలో భారీ ఖర్చుతో తీసిన ‘ది బర్నింగ్ ట్రైన్’ (1980) ఆశించిన ఫలితం ఇవ్వలేదు. పెద్ద తారలు, పెద్ద హంగు ఉన్నా అందులో నిలదీసే ప్రశ్న లేదు. చోప్రా బలం ఎక్కడుందో ఆ పరాజయం చెప్పకనే చెప్పింది.

చట్టం నడిబజారుకు వచ్చిన కాలం

అదే 1980లో ‘ఇన్సాఫ్ కా తరాజూ’ వచ్చింది. దాని వెనక ఉన్న కాలాన్ని గుర్తు చేసుకోవాలి. 1978లో హైదరాబాదు నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో ఒక మహిళపై జరిగిన అత్యాచారం, ఆమె భర్త మరణం నగరాన్ని అట్టుడికించాయి. జస్టిస్ ముక్తదర్ విచారణ సంఘం ఏర్పడింది. మథుర అత్యాచార కేసులో పోలీసులను నిర్దోషులుగా వదిలేసిన సుప్రీంకోర్టు తీర్పును తప్పుపడుతూ 1979లో నలుగురు న్యాయశాస్త్ర ఆచార్యులు బహిరంగ లేఖ రాశారు. మహిళా సంఘాలు దేశమంతా వీధుల్లోకి వచ్చాయి. బాధితురాలి నడవడిని బోనెక్కించే చట్టాన్ని మార్చమన్నది వారి డిమాండ్.

చోప్రా చిత్రం సరిగ్గా ఆ చోటే నిలబడింది. అందాల పోటీలో గెలిచిన యువతి కోర్టుకెళ్తే, ఆమె వృత్తినీ దుస్తులనూ చూపి సమ్మతి ఉందని ప్రత్యర్థి న్యాయవాది వాదిస్తాడు. నిందితుడు విడుదలవుతాడు. తర్వాత అతను ఆమె చెల్లెలి మీదా దాడి చేస్తే ఆమె అతణ్ని కాల్చి చంపి అదే కోర్టులో ముద్దాయిగా నిలుస్తుంది. మొదటి విచారణ ఇలా ముగియకుంటే రెండోది వచ్చేదా అని అడుగుతుంది. ఆ వాదన ప్రేక్షకులను కదిలించింది. అదే సమయంలో అత్యాచార సన్నివేశాలను సాగదీసి, కెమెరా కన్నుతో స్త్రీ శరీరాన్ని మళ్లీ బజారున పెట్టారన్న స్త్రీవాద విమర్శ వచ్చింది; అది నిలబడే విమర్శే. ఒక చేత్తో న్యాయం అడిగి మరో చేత్తో టిక్కెట్లు అమ్మిన లక్షణం ఆ చిత్రానికి ఉంది. తెలుగులో బాపు దర్శకత్వంలో ‘ఏది ధర్మం ఏది న్యాయం’ (1982)గా ఆ కథ వచ్చింది. 1983లో పార్లమెంటు అత్యాచార చట్టాన్ని సవరించింది. ఆ మార్పు తెచ్చింది ఉద్యమాలే. చోప్రా చేసింది ఆ చర్చను సినిమా హాలు దాకా, హాల్లోంచి ఇళ్ల దాకా చేర్చడం.

1982లో ‘నికాహ్’ వచ్చింది. అచలా నాగర్ రచన. క్షణికావేశంలో మూడుసార్లు తలాక్ చెప్పేసిన భర్త, తర్వాత పశ్చాత్తాపపడితే ఆ స్త్రీ ఏం కావాలి? నీలోఫర్ అనే ఆ నాయిక ఇద్దరు భర్తలనూ ఎదురుగా నిలబెట్టి, నన్ను ఆస్తిలా ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకోవడానికి మీరెవరని నిలదీస్తుంది. ఇక్కడ కోర్టు లేదు; ఇల్లే సభ. చిత్రం మీద వ్యాజ్యాలు, అభ్యంతరాలు వచ్చినా అది ఘన విజయం సాధించింది. విడాకులు పొందిన ముస్లిం మహిళ భరణంపై షాబానో తీర్పు దేశాన్ని కుదిపింది ఇంకా మూడేళ్ల తర్వాత, 1985లో.

ఆదివారం ఉదయం

1982 ఆసియా క్రీడలతో దూరదర్శన్ రంగుల్లోకి మారింది. 1984లో ‘హమ్ లోగ్’తో ధారావాహికల కాలం మొదలైంది. ప్రసార సమయం ప్రభుత్వానిది, నిర్మాణం ప్రైవేటు నిర్మాతది, ఖర్చు ప్రకటనకర్తల నుంచి వచ్చేది. సినిమా నిర్మాతలకు ఇది కొత్త దారి. చోప్రా 1986లో అశోక్ కుమార్‌తో ‘బహదూర్ షా జఫర్’ తీసి ఆ మాధ్యమాన్ని పరీక్షించుకున్నారు. రామానంద్ సాగర్ ‘రామాయణ్’ 1987 జనవరి నుంచి 1988 జులై దాకా దేశాన్ని ఆదివారం ఉదయాల్లో ఇంట్లో కూర్చోబెట్టింది. దాని వెనకే, 1988 అక్టోబరు 2 ఆదివారం నాడు ‘మహాభారత్’ మొదలైంది. 1990 వేసవి దాకా 94 భాగాలు.

దర్శకత్వం తండ్రీకొడుకులది. రచన రాహీ మాసూం రజాకు అప్పగించారు. ఘాజీపూర్ జిల్లాకు చెందిన రజా ‘ఆధా గావ్’ నవలా రచయిత; విభజన వేళ తన ఊరిని వదలని ముస్లింల కథ అది. ఒక ముస్లిం మహాభారతం రాయడమేమిటని ఉత్తరాలు వచ్చాయి. పని ఒత్తిడి వల్ల ముందు ఒప్పుకోని రజా, చోప్రా పంపిన ఆ ఉత్తరాలు చదివాకే, తానూ గంగమ్మ బిడ్డనేనంటూ కలం పట్టారని ప్రసిద్ధమైన కథనం. చోప్రా మాత్రం వెనక్కి తగ్గలేదు. ‘ధూల్ కా ఫూల్’లో బిడ్డను ముస్లిం చేతుల్లో పెట్టిన నిర్మాత, ముప్పై ఏళ్లకు ఇతిహాసాన్ని ముస్లిం రచయిత చేతుల్లో పెట్టారు. పండిట్ నరేంద్ర శర్మ సలహాదారుగా ఉన్నారు.

రజా రచనలో గొప్ప ఎత్తుగడ సూత్రధారి. కథను మునులు చెప్పరు; కాలమే చెబుతుంది. హరీశ్ భీమానీ గళంలో వినిపించే కాలం ఎవరి పక్షమూ కాదు. జరిగినదానికి సాక్షి. కోర్టు కథల్లో జీవితం గడిపిన నిర్మాతకు ఇంతకు మించిన సాక్షి దొరకడు.

తెలుగు ఇళ్లలో ఆ ధారావాహికను చూసిన తీరుకు ఒక ప్రత్యేకత ఉంది. హిందీ రాని తాతలూ అమ్మమ్మలూ కథను వరుస తప్పకుండా అనుసరించారు. నన్నయ నుంచి ఎఱ్ఱన దాకా కవిత్రయం పద్యాలు, తిరుపతి వేంకట కవుల ఉద్యోగ విజయాల రాయబారం, ‘మాయాబజార్’, ‘నర్తనశాల’, ‘దానవీరశూరకర్ణ’ వంటి సినిమాలు ముందే ఆ కథను మన నోటికి తెచ్చి ఉంచాయి. శ్రీకృష్ణుడంటే ఎన్టీఆర్, ఘటోత్కచుడంటే ఎస్వీఆర్ అని స్థిరపడిన కళ్లకు కొత్త ముఖాలు మొదట ఆనలేదు. టి.వి. ఉన్న ఇంటికి పక్కింటివాళ్లు వచ్చి చాప మీద కూర్చుని, ఫలానా ఘట్టం మన భారతంలో ఇలా లేదే అని తగువులాడుకున్నారు. దేశంలో మిగతా చోట్ల భక్తితో చూసినవారెందరున్నా, మన దగ్గర పోల్చి తూకం వేస్తూ చూసినవారూ తక్కువేం కాదు.

ద్రౌపది అడిగిన మాట

సభాపర్వానికి వచ్చేసరికి చోప్రా జీవితమంతా వెతికిన ఘట్టం ఎదురుపడింది. ద్రౌపది సభలో అడిగేది దయ కోసం కాదు. న్యాయ సంబంధమైన ప్రశ్న. ధర్మరాజు ముందు తనను తాను ఓడిపోయాడా, ముందు నన్ను ఓడాడా? తానే దాసుడైనవాడికి మరొకరిని పణంగా పెట్టే హక్కు ఎక్కడిది? రాజమహేంద్రవరంలో నన్నయ ఈ పర్వాన్ని తెనిగించి దాదాపు వెయ్యేళ్లు. భీష్ముడు ధర్మం సూక్ష్మమని తప్పుకుంటాడు. ద్రోణుడు మాట్లాడడు. కౌరవ సోదరుల్లో వికర్ణుడు ఒక్కడే నోరు విప్పుతాడు. సభ తీర్పు ఇవ్వదు.

చోప్రా ఈ ఘట్టాన్ని తొందరగా దాటించలేదు. రూపా గంగూలీ ద్రౌపది ఒక్కొక్క పెద్దనూ పేరుపేరునా నిలదీస్తుంది. కెమెరా ప్రశ్న అడిగేవారి మీద కంటే వినేవారి ముఖాల మీద, కిందికి వాలిన కళ్ల మీద ఎక్కువసేపు ఉంటుంది. శ్రీకృష్ణుడు వచ్చి మానం కాపాడినా ప్రశ్న అలాగే మిగిలిపోతుంది. ఢిల్లీ ఇళ్లలో మహిళా ప్రేక్షకులతో మాట్లాడి పరిశోధన చేసిన పూర్ణిమా మంకేకర్, ద్రౌపది వస్త్రాపహరణాన్ని వాళ్లు పురాణ కథగా మాత్రమే చూడలేదని, తమ ఇళ్లలో, వీధుల్లో తామెదుర్కొనే అవమానాల గురించి మాట్లాడుకునే వీలుగా చూశారని నమోదు చేశారు. ‘ఇన్సాఫ్ కా తరాజూ’ చేయబోయి సగంలో ఆగిన పనిని ‘మహాభారత్’ చేసిందని చెప్పవచ్చు. ఇక్కడ కెమెరా బాధితురాలి ఒంటి మీద లేదు. సాక్షుల మౌనం మీద ఉంది.

ఇతిహాస ధారావాహికలు ఆనాటి మత రాజకీయాలకు ఊతమిచ్చాయా అన్న చర్చ పండితుల్లో ఇంకా ఉంది. ‘రామాయణ్’ ప్రసారం, అయోధ్య ఉద్యమం ఒకే కాలంలో నడిచాయి కనుక ఆ చర్చ అవసరమే. రెండు ధారావాహికలనూ ఒకే గాటన కట్టడం మాత్రం తొందరపాటు. ‘మహాభారత్’లో గెలిచినవాళ్లు కూడా సంతోషంగా ఉండరు. ప్రతి పాత్రకూ ఒక తప్పు ఉంది, ప్రతి తప్పుకూ ఒక వాదన ఉంది. నిశ్చయాలు కోరేవారికి ఆ కథ చాలా ఇబ్బంది పెట్టే కథ.

తీర్పులు మారాయి

‘మహాభారత్’ తర్వాత సంస్థ టెలివిజన్‌నే ప్రధానంగా నమ్ముకుంది. 1990ల్లో ‘కానూన్’ పేరుతోనే కోర్టు ధారావాహిక నిర్మించారు. 1998 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం, 2001లో పద్మభూషణ్ లభించాయి. దశాబ్దాలుగా మనసులో ఉంచుకున్న వృద్ధ దంపతుల కథ 2003లో రవి చోప్రా దర్శకత్వంలో ‘బాగ్‌బాన్’ అయింది. తల్లిదండ్రులను కొడుకులు పంచుకునే ఆ బాధ ‘బడిపంతులు’ (1972) చూసిన తెలుగువారికి కొత్త కాదు. 2020 లాక్‌డౌన్‌లో ‘మహాభారత్’ మళ్లీ ప్రసారమైనప్పుడు, మొదటిసారి చూసిన తరం తమ మనవలతో కలిసి చూసింది.

ఇన్నేళ్ల తర్వాత వెనక్కి చూస్తే ఒక విషయం స్పష్టంగా తోస్తుంది. చోప్రా కథలకు ఇచ్చిన ముగింపులు చాలావరకు వాటి కాలంతో పాతబడ్డాయి. వేసిన ప్రశ్నలు అలా పాతబడలేదు. ఒక్కొక్కటీ దేశపు న్యాయస్థానాల్లోకి, చట్టసభల్లోకి వెళ్లింది. వృద్ధ తల్లిదండ్రుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. అత్యాచార చట్టం 2013లో మళ్లీ మారింది. ఒకేసారి చెప్పే మూడు తలాక్‌లు చెల్లవని సుప్రీంకోర్టు 2017లో తేల్చింది. పరపురుష సంబంధాన్ని నేరంగా చూసే 497వ సెక్షన్‌ను 2018లో కొట్టేసింది. ‘కానూన్’ అడిగిన మరణశిక్ష ప్రశ్న ఇంకా తేలలేదు. యంత్రం లాభం ఎవరికన్న టాంగావాలా ప్రశ్న ఇప్పుడు మరింత గట్టిగా వినిపిస్తోంది.

ఈ మార్పులకు సినిమాలు కారణమని ఎవరూ అనరు. లాయర్లు, ఉద్యమకారులు, కోర్టు మెట్లెక్కిన సామాన్య స్త్రీలు అందుకు కారణం. ఒక నిర్మాత చేయగలిగింది వేరు. సమాజం ఇంకా నోరెత్తని సమయంలో, డబ్బు పోతుందన్న భయం ఉన్నా, ప్రశ్నను అందరికీ అర్థమయ్యే మాటల్లో లక్షల మంది ముందు నిలబెట్టడం ఆయన పని. చోప్రా ఆ పనిని లాహోరు పత్రికా కార్యాలయంలో నేర్చుకుని చివరిదాకా వదల్లేదు. తెరమీద ఇతిహాసాలు నేడు ఎన్నో రెట్ల ఖర్చుతో, ఎంతో వైభవంగా తయారవుతున్నాయి. వాటిని తూచడానికి ఆయన జీవితం ఒక కొలత ఇస్తోంది: ఆ సభలో ద్రౌపదికి మాట్లాడే సమయం ఎంత ఇచ్చారు?